అడుగున తిరిగే చేపలు

24 జూన్ 2002, సోమవారం

మోకాలు ఈ రోజు కూడా నొప్పిగానే ఉంది. డాక్టర్ ఇంకో మూడు వారాలు సెలవు రాసిచ్చాడు. నేనే అడిగి రాయించుకున్నాననడం సరికాదు. "ఇంకా నొప్పి ఉందా?" అని ఆయన అడిగాడు, ఉంది అన్నాను, అంతే.

ఈ డైరీ నా కండక్టర్ కొండప్ప ఇచ్చాడు. "ఇంట్లో కూచ్చుంటే మతి చెడతాది, ఏమన్నా రాసుకో అన్నా" అన్నాడు. ఇరవై రెండేళ్లు బస్సు తోలినవాడికి రాయడానికి ఏముంటుంది? జరిగింది ఒకసారి రాసేస్తే ఒక పని అయిపోతుంది. మే 18న కళ్యాణదుర్గం దాటాక కుందుర్పి రోడ్డులో గొర్రెల మంద అడ్డొచ్చింది. బ్రేకు తొక్కి స్టీరింగ్ ఎడమకు కోశాను. బస్సు గుంతలోకి ఒరిగింది. లోపల నలభై మూడు మంది. ఎవరూ పోలేదు. బయమ్మ అనే ముసలామెకు చెయ్యి విరిగింది, నాకు కుడి మోకాలికి దెబ్బ తగిలింది. విచారణ చేసినవాళ్లు డ్రైవర్ కుళ్లాయప్ప తప్పేమీ లేదని రాశారు. ఇంకేం కావాలి?

ఎవరూ పోలేదు.

27 జూన్, గురువారం

భద్రమ్మ చెప్పా పెట్టకుండా ఒక చేపల తొట్టిని తోపుడుబండి మీద ఎక్కించుకుని వచ్చింది. మూడడుగుల పొడవు, ఇనుప స్టాండు, గాలి మోటారు అన్నీ ఉన్నాయి. పక్క వీధి బ్యాంకు నారాయణకు కడపకు బదిలీ అయింది. తీసుకుపోలేక వదిలేస్తుంటే ఈమె పట్టుకొచ్చింది. బకెట్లో ఎనిమిది గప్పీలు కూడా ఉన్నాయి, తోకలే తప్ప ఒళ్లు లేని చేపలు.

నాకు ఒళ్లు మండింది. "కొళాయి నాలుగు దినాలకు ఒకతూరి వస్తాండాది. మనకే నీళ్లు లేవు, చేపలకు యాడ తెస్తావు?" అని అరిచాను.

"నీకు బుద్ధి పుడితే చూసుకో. లేకుంటే చేపల్ని ఇచ్చేసి దాంట్లో ఎర్రగడ్డలు పోసుకుంటా" అంది. పాతికేళ్ల కాపురంలో నా అరుపుకు ఆమె బెదిరిన రోజు ఒక్కటీ గుర్తు లేదు.

30 జూన్, ఆదివారం

గప్పీలు అన్నీ పైనే తిరుగుతాయి. కింద ఏమీ లేదు. ముందు సీట్ల దగ్గర జనం తొక్కుకుంటుంటే వెనక సీట్లన్నీ ఖాళీగా పోయే బస్సులాగా ఉంది. తినగా మిగిలిన మేత అడుగుకు చేరి బూజు పడుతోంది. నారాయణ ఊరు వదిలే ముందు వచ్చి చూసి, అడుగున తిరిగే చేపలు తెచ్చుకోమన్నాడు. మీసాల చేపలు, లోచ్‌లు అనే రకాలు. అవి కింద పడినదంతా ఏరుకుని తింటాయట.

రేపు డిపోకి ఒకసారి వెళ్లి రావాలి.

3 జూలై, బుధవారం

డిపోకి వెళ్లలేదు. చేపల అంగడికి వెళ్లాను.

టవర్ క్లాక్ దగ్గర సందులో తిప్పేస్వామి అని ఒకాయన నడుపుతున్నాడు. మనిషి సన్నగా ఉన్నా నోరు మాత్రం పెద్దది. చేపలు బెంగుళూరు నుంచి రైల్లో తెప్పిస్తాడు. అమ్మేవాడు ఇన్ని ప్రశ్నలు వేయడం నేనెక్కడా చూడలేదు. తొట్టి ఎంత, నీళ్లు యాడివి, ఇప్పటికే ఏమున్నాయి, అడుగున ఏం పరిచావు అని వరసగా అడిగాడు.

"కంకర" అన్నాను. రోడ్డు పని జరుగుతుంటే రెండు తట్టలు తెచ్చి కడిగి పోశాను.

"చేపలకు రోడ్డేసినావా అన్నా? మీసాల చేప ఆ మీసాలతోనే అడుగంతా తడుముకుని తింటాది. నీ కంకర మీద రెండు నెలలు తిరిగితే మీసాలు అరిగి మోడైపోతాయి. సన్న ఇసక పొయ్యి."

నాకు మీసం ఉంది కాబట్టి ఆ మాట వెంటనే అర్థమైంది.

ఒక గాజు తొట్టిలో వెండి రంగు చేప ఒకటి దర్జాగా తిరుగుతోంది. అదీ మీసాల జాతేనట. అది కావాలన్నాను. ఇవ్వనన్నాడు. "ఆర్నెల్లలో నీ చెయ్యంత అయితాది. ఆమీన నీ గప్పీలు యాడ అని నన్ను అడుగుతావు." చెరువు జెల్లలు తెచ్చి వేస్తే ఎట్లుంటుందన్నాను. అవీ మీసాల చేపలే కదా. ఆయన నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. నోట్లో పట్టే ప్రతిదాన్నీ జెల్ల తినేస్తుందట.

చివరికి మూడు తీసుకున్నాను. గాజుకు పట్టిన పాచిని నాకే సక్కర్ ఒకటి, కోరీ అనే బొటనవేలంత మీసాల చేప ఒకటి, నల్లచారల లోచ్ ఒకటి. కోరీలైనా లోచ్‌లైనా అయిదుకు తగ్గకుండా తీసుకోమని ఆయన గోల పెట్టాడు. సరుకు అమ్ముకునేవాడు ఒకటి చాలని ఎందుకు చెబుతాడు? రకానికి ఒకటి చాలన్నాను.

"సరేప్పా. నువ్వే మళ్లా వస్తావు" అన్నాడు.

6 జూలై, శనివారం

లోచ్ కనిపించడం లేదు.

8 జూలై, సోమవారం

దొరికింది. నేను పెట్టిన పెంకు కింద దూరి ఉంది. తోక కొస మాత్రం బయటికి కనిపిస్తోంది. మేత వేస్తే రాదు. పెంకు ఎత్తితే ఇంకో మూలకు పోయి దాక్కుంటుంది. తిప్పేస్వామి నాకు చెడిపోయిన చేపను అంటగట్టాడు.

భద్రమ్మ వంగి చూసి, "దానికేం జబ్బు లేదు. దిగులు" అంది. చేపకు దిగులేమిటని నవ్వాను.

10 జూలై, బుధవారం

డిపోకి వెళ్లాను. గ్యారేజీలో ఆగి ఉన్న నా బండి ఎక్కి సీట్లో కూర్చున్నాను. ఇంజను ఆడించలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టాను.

మోకాలు నొప్పి పుట్టి వచ్చేశాను.

15 జూలై, సోమవారం

డాక్టర్ ఇంకో నెల రాసిచ్చాడు. మంచి మనిషి.

అక్కడి నుంచి నేరుగా తిప్పేస్వామి అంగడికి వెళ్లి తగువు పెట్టుకున్నాను. పన్నెండు రోజులుగా లోచ్ తినడం లేదు, కోరీ కూడా ఒక మూల కూర్చుని ఉంది అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. స్టూలు జరిపి కూర్చోమని, టీ చెప్పి, నిదానంగా మాట్లాడాడు.

"అన్నా, పైన తిరిగే చేపలకు ఎవురున్నా లేకున్నా గడిచిపోతాది. ఈ అడుగు జాతులకు అట్ల గాదు. తన జాతివి నాలుగు పక్కనుంటేనే దానికి ధైర్యం. ఒక్కటే ఉంటే దాక్కుంటాది. తినదు. అట్లనే సన్నబడి పోతాది. చేప మంచిదే. నువ్వు ఒంటిగా తీస్కపోయినావు, అంతే."

ఇంకో నాలుగు లోచ్‌లు, ఇంకో నాలుగు కోరీలు తీసుకున్నాను. సక్కర్‌ను వెనక్కి తెచ్చివ్వమన్నాడు. పెరిగితే అడుగు పొడవు దాటుతుందట, నా తొట్టిలో తిరగడానికి కూడా చోటుండదట. "మిగతా రెండు రకాలకీ బాగా పడతాది. కోరీలు పగలంతా ఏరుకుంటాయి, లోచ్‌లు సందుల్లో దూరి ఏరుకుంటాయి. ఒకదాని బువ్వ ఇంకోటి లాక్కోదు" అన్నాడు. పెళ్లి సంబంధాలు చూసేవాడు కూడా ఇంత వివరంగా చెప్పడు.

కొండప్పకు కబురు పెడితే సాయంత్రం ఒక మూట పెన్న ఇసుక తెచ్చి ఇచ్చాడు. భద్రమ్మ, నేను దాన్ని జల్లెడలో జల్లించి, ఏడుసార్లు కడిగాం. కడిగిన నీళ్లు ఆమె దానిమ్మ చెట్టుకు పోసింది. చుక్క కూడా వృథా పోలేదు. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి ఒక పని చేశాం.

20 జూలై, శనివారం

వచ్చింది! పెంకు కింద నుంచి వచ్చింది. పొద్దున మేత వేస్తే అయిదు లోచ్‌లూ వరసకట్టి వచ్చాయి. పాతది ఏదో, కొత్తవి ఏవో పోల్చుకోలేకపోయాను. తింటున్నప్పుడు వాటి నోటి నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తుంది. చెవి గాజుకు ఆనిస్తే వినిపిస్తుంది. భద్రమ్మను కేకేసి వినిపించాను. ఇద్దరం చెరో వైపు చెవులు ఆనించుకుని కూర్చున్నాం. వీధిలోవాళ్లు చూస్తే ఏమనుకునేవాళ్లో.

సక్కర్‌ను మొన్నే తిప్పేస్వామికి ఇచ్చేశాను. ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను. నేను అంత నోరు చేసుకున్నా నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చాడు.

28 జూలై, ఆదివారం

పొద్దున ఒక లోచ్ ఇసుక మీద పక్కకు ఒరిగి పడి ఉంది. కదలిక లేదు. భద్రమ్మే కొంగు దోపుకుని, దాన్ని తీసేద్దామని చెయ్యి పెట్టింది. వేలు తగిలిందో లేదో, చటుక్కున లేచి ఈదుకుంటూ పోయింది. తిప్పేస్వామికి ఫోను చేస్తే నవ్వాడు. కడుపు నిండి, భయం లేకుంటే అవి అట్లాగే పక్కకు ఒరిగి పడుకుంటాయట.

"బాగుంది. ఈ ఇంట్లో చేపలు కూడా నాటకాలు నేర్చినాయి" అంది భద్రమ్మ.

ఆ 'కూడా' ఏమిటో నేను అడగలేదు.

5 ఆగస్టు, సోమవారం

కొండప్ప వచ్చాడు. నా సర్వీసు మీద కుర్ర డ్రైవర్ వచ్చాడట, ఎవరినీ ఎక్కించుకోవడానికి ఆపడట. "బయమ్మవ్వ చెయ్యి అతుక్కునింది అన్నా. బస్సెక్కిన ప్రతితూరీ, మా డ్రైవరెప్పుడొస్తాడు అంటాది. ఆయప్ప కోసెయ్యకుంటే అందరమూ పోతాంటిమి అంటాది" అన్నాడు. ఆమె పంపిన వేరుశెనక్కాయలు సంచి నిండా తెచ్చాడు. ఈ కరువులో, పండీ పండని చేనులోవి.

మోకాలు అన్నాను. కొండప్ప తొట్టి వైపు చూస్తూ, "మోకాలే కదా, తగ్గతాది లే" అన్నాడు. నా మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లు ఉన్నారు. నేను మాత్రం మంచం మీద ఉన్నాను.

కుర్ర డ్రైవర్‌కే ఆ సర్వీసు ఖాయం చేస్తారని కూడా చెప్పాడు. సెప్టెంబరు మధ్యలోపల నేను ఎక్కకపోతే నన్ను గేటు దగ్గర కాపలా పనికి మారుస్తారట. ఇక బండి ముట్టే పని ఉండదు.

మోకాలికి కట్టు మార్చాను.

20 ఆగస్టు, మంగళవారం

చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. మరిచిపోకముందే రాయాలి.

నిన్న తొట్టిలో ఇసుక కలియబెట్టి శుభ్రం చేశాను. నీళ్లు మసకబారాయి. రెండు రోజుల్లో అవే తేరుకుంటాయని వదిలేశాను. ఈ రోజు మధ్యాహ్నం అన్నం తిని లేచేసరికి నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఒక లోచ్ పక్కకు ఒరిగి ఉంది. పడుకుందిలే అనుకుని వీధి చివరికి టీకి వెళ్లాను. అరగంటకు తిరిగొచ్చాను. అయిదు లోచ్‌లూ ఒరిగి ఉన్నాయి. కోరీలు మాటిమాటికీ పైకి వచ్చి గాలి మింగుతున్నాయి. గప్పీలు మూలన ముద్దగా చేరాయి. అయిదూ ఒక్కసారే పడుకోవు.

"భద్రమ్మా!" అని అరిచాను.

ఆమె వంటింట్లోంచి వచ్చి చూసింది. ముఖం పాలిపోయింది. "నేనే చేసినా. పటిక తిప్పినా" అంది.

మా ఇంట్లో తాగే నీళ్లు ట్యాంకరువి. ఎర్రమట్టి రంగులో వస్తాయి. పెళ్లయిన దగ్గర నుంచి ప్రతి బిందెలో ఆమె పటిక గడ్డ నాలుగు చుట్లు తిప్పుతుంది. మట్టి అడుగుకు దిగి, నీళ్లు తేటపడతాయి. ఈ జిల్లాలో అట్లా చెయ్యని ఇల్లు లేదు. తొట్టి మసకగా ఉందని, నేను నిద్రపోతుండగా కోడిగుడ్డంత పటిక తెచ్చి పెద్ద తొట్టి కదా అని పది చుట్లు తిప్పింది. "అవి కూడా మంచినీళ్లు తాగనీ అనుకున్నా" అంది. ఏడవలేదు. సాకులు చెప్పలేదు. తప్పు ఒప్పుకోవడానికి ఆమెకు అర నిమిషం పట్టింది.

కరెంటు లేదు. గాలి మోటారు ఆగి ఉంది. ట్యాంకరు నీళ్లు అడుగంటాయి. ఉన్నది వీధి చివర చేతిబోరు ఒక్కటే. నోట్లో పెట్టుకుంటే ఉప్పగా ఉండే నీళ్లు, పప్పు ఉడకని నీళ్లు. రెండు బిందెలు తీసుకుని పరిగెత్తాను. ఆమె తొట్టిలో నీళ్లు చెంబుతో తోడేస్తోంది, నేను కొత్తవి తెచ్చి పోస్తున్నాను. సగం మారిన తర్వాత, గాలి పట్టడానికి చెంబుతో ముంచి ఎత్తునుంచి పోస్తూ కూర్చున్నాం. నేను పోస్తే ఆమె ముంచేది, ఆమె పోస్తే నేను. కరెంటు రావడానికి గంటన్నర పట్టింది.

ముందు ఒక లోచ్ లేచింది. తర్వాత రెండు. తర్వాత మిగిలిన రెండూ. కోరీలు నాలుగు కిందికి దిగి ఇసుక తడమసాగాయి. అయిదోది లేవలేదు. బొటనవేలంత చేప. అరచేతిలో పెట్టుకున్నాను. మీసాలు చక్కగా ఉన్నాయి.

ఎందుకో తెలియదు, దాన్ని పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూ, "పదకొండు గొర్రెలు" అన్నాను. ఎవరూ పోలేదని చెప్పుకుంటూ వచ్చాను కదా. పదకొండు పోయాయి. చక్రాల కింద. ఆ చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. గుంతలోకి ఒరిగినప్పుడు వెనక నలభై మూడు మంది పెట్టిన కేక కూడా. అప్పటి నుంచి స్టీరింగ్ ముట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. ఆ రోజు గ్యారేజీలో తాళం పెట్టడానికి కూడా చెయ్యి నిలవలేదు.

"మోకాలు బాగైపోయింది భద్రమ్మా. ఎప్పుడో బాగైపోయింది. నేను అబద్ధం చెప్తాండా" అన్నాను.

"తెలుసు" అంది.

"ఎట్లా తెలుసు?"

"దెబ్బ తగిలింది కుడికాలికి. ఆషాఢం నుంచి నువ్వు ఎడమకాలు కుంటుతాండావు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తావు? ఇంకో నొప్పి ఎతుక్కుంటావు. మంచం మీద కూచ్చుని పొద్దస్తమానం గోడ చూస్తాంటివి. గోడ బదులు ఈ నీళ్లు చూడనీ అని తొట్టి తెస్తి. ఇప్పుడు బోరు కాడికి పద్నాలుగు తూర్లు పరిగెత్తినావు. లెక్కపెట్టినా."

ఆ చిన్న చేపను దానిమ్మ మొదట్లో పెట్టాం. అర నిమిషంలో ఆమె చేసిన పనికి నాకు రెండు నెలలు పట్టింది. ఈ మనిషి నాకు దొరకడం నేను చేసుకున్న పుణ్యమో, వాళ్ల నాయన చేసిన పొరపాటో తెలియదు. ఏదైనా సరే, ఆ పెద్దాయన చల్లగా ఉండాలి.

21 ఆగస్టు, బుధవారం

తిప్పేస్వామికి జరిగింది చెప్పాను. పటిక అనగానే నెత్తి కొట్టుకున్నాడు. "నీళ్లను పులుపెక్కిస్తాది అది. మీసాల చేపలకూ లోచ్‌లకూ పొలుసు ఉండదు కదన్నా, ఒంటికి నేరుగా తగలతాది" అన్నాడు. బోరు నీళ్లు పోశామంటే ఆగి, గట్టిగా నవ్వాడు. "మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ పులుపుని అదే ఇరిచేసింది. బెంగుళూరు నీళ్లయ్యుంటే ఒక్కటీ మిగిలేది కాదు."

పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లను తిడుతూనే ఉన్నాను. మా ఊళ్లో పళ్లు గార పట్టేది వాటివల్లే. వస్తూ వస్తూ బోరు దగ్గర ఆగి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, దాని పిడిని కళ్లకద్దుకున్నాను.

అక్కడి నుంచి డాక్టర్ దగ్గరికి, ఆ తర్వాత డిపో మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఇద్దరికీ నిజం చెప్పాను. మేనేజర్ అరుస్తాడనుకున్నాను. తలుపు వేసి, తాను డ్రైవర్‌గా ఉన్న రోజుల్లో ఇట్లాంటిదే తనకూ జరిగిందన్నాడు. జనం లేని బండి ఇచ్చి, పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెడతానన్నాడు. ఆయన చాలన్నప్పుడే రూటు.

9 సెప్టెంబరు, సోమవారం

ఆరో రోజు. శిక్షకుడు శ్రీరంగప్ప సారు పక్క సీట్లో కూర్చుని వక్క నములుతూ ఉంటాడు, ఒక్క మాట మాట్లాడడు. మొదటి రోజు డిపో గేటు దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు. ఈ రోజు కళ్యాణదుర్గం దాకా పోయి వచ్చాం. చేతులు వణికాయి. తర్వాత ఆగాయి.

లోచ్‌లు, కోరీలు బాగున్నాయి. పోయినదాని చోట ఇంకో కోరీ కొన్నాను. తిప్పేస్వామి ఒకటి ఊరికే ఇచ్చాడు.

16 సెప్టెంబరు, సోమవారం

ఈ రోజు నా సర్వీసు నాకు ఇచ్చారు.

శ్రీరంగప్ప సారు ఇక రానన్నాడు. "నా అవసరం లేదప్పా నీకు" అన్నాడు. పక్కన ఆయన ఉండడని తలుచుకుంటే పొద్దున టిఫిను సయించలేదు. భద్రమ్మకు చెప్పాను. "ఊఁ" అని ఊరుకుంది. కాస్త కోపం వచ్చింది కూడా.

బస్టాండులో జనం ఎక్కారు. నేను అద్దాలు సర్దుకుంటున్నాను. కొండప్ప టికెట్లు కొట్టుకుంటూ వచ్చి, నా వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, వదినె కుందుర్పికి టికెట్ అడుగుతాంది. ఆడ మీకెవురుండారు?"

అద్దంలో చూశాను. నా వెనక సీట్లో, కిటికీ పక్కన, పెళ్లిళ్లకు కట్టే ధర్మవరం చీర కట్టుకుని కూర్చుని ఉంది. ఒళ్లో అన్నం క్యారియరు. నేనెవరో తెలియనట్టు బయటికి చూస్తోంది.

కుందుర్పిలో మాకు ఎవరూ లేరు.

"ఇయ్యి" అన్నాను. "రానూ పోనూ రెండూ కొట్టు. సాయంత్రం దాకా దిగదు."

తాళం తిప్పాను.